తలుపులు తీసిపెట్టిన సందు

మా సందులో కొన్ని నెలలుగా ఏ ఇంటికీ వీధి తలుపు లేదు. బళ్లారి కోటగుట్ట కింద చీకిపోయిన చౌడు మిద్దెల సందు మాది. అందరూ దొంగలకు భయపడి తలుపులు పెట్టుకుంటారు. మేం ఒకరికొకరం భయపడి తీసేశాం. తీయించింది నేనే.

నాకు అక్షరాలు వచ్చింది ముసలితనంలో. ఆడవాళ్ల సంఘంలో ముందు కన్నడం దిద్దించారు. ఇంట్లో మాట తెలుగు కాబట్టి ఆ అక్షరాలకే తలకట్లు మార్చుకుని తెలుగూ పట్టుకున్నాను. చదువు వస్తే అనుమానాలు పోతాయని అక్కడి టీచరమ్మ అనేది. నాకు పెరిగాయి. అంతకుముందు మనుషుల్నే అనుమానించేదాన్ని, తర్వాత గోడల మీది రాతల్ని కూడా.

కార్పొరేషన్ వాళ్లు పాత మిద్దెలున్న పేదలకు పక్కా ఇళ్లు కట్టుకోవడానికి సాయం చేస్తారనీ, మా సందులో అయిదిళ్లకు మంజూరైందనీ ఒక తెల్లచొక్కా మనిషి వచ్చి చెప్పాడు. వార్డులో ఏ పని జరిగినా ముందు నిలబడే మనిషి.

"ఇల్లు పీకేయండవ్వా. మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు.

"పీకేదాకా ఎవురైనా చూస్తారప్పా. పీకినాక యాడుంటావో అది చెప్పు" అన్నాను.

నవ్వి పోయాడు. నేను నవ్వలేదు. వెనక వీధిలో ఒకామె ఇలాగే ఇల్లు పీకేసి ప్లాస్టిక్ పట్ట కింద చేరింది. సర్కారు ఇచ్చే డబ్బులో మొదటి కంతు రాలేదు, వానాకాలం వచ్చింది. పట్ట ఎండకు పెళుసెక్కి, చిరిగి, దాని మీద ఇంకో పట్ట పడింది. ఆమె ఇప్పటికీ అక్కడే వండుకుంటోంది. అటు పోయినప్పుడల్లా ఆ పొయ్యి చూసి వచ్చేదాన్ని.

మాకున్నది రెండు గదుల మిద్దె. ఏటా వానలకు ముందు పైన కొత్త చౌడు పరచకపోతే లోపల కారుతుంది. కొడుకు పోయాక కోడలు జీన్స్ ప్యాంట్లు కుట్టి ఇల్లు నడుపుతోంది. కటింగ్ చేసిన గుడ్డ కట్టలు కట్టలుగా ఇంటికి వస్తుంది. ఒక్క కట్ట తడిసిందా, గుడ్డ పంపే సేటు మళ్లీ పని ఇవ్వడు. అంటే మాకు మిద్దె పోతే కూడూ పోయినట్టే.

కొలతలకు వచ్చిన ఇంజనీరు చిన్నపిల్ల. కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడేది.

"అజ్జీ, జాగా ఖాలీ ఇరబేకు. ఆ ఖాళీ జాగాలో మీరు నిలబడితే ఫోటో తీస్తా. అది బెంగళూరుకు పోతేనే పునాది కంతు వస్తుంది."

"ఫోటో బెంగళూరుకు పోతాది. మేం యాడికి పోవాల?"

"అద్దెకు తీసుకోండి."

"అద్దె ఇచ్చుకునేవాళ్లమైతే సర్కారు మాకు ఇల్లెందుకిస్తాదమ్మా?"

ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు. గొంతు తగ్గించి చెప్పింది. అందరూ ఒకేసారి పీకాల్సిన పని లేదట. ఒకరి తర్వాత ఒకరు కట్టుకోవచ్చట. కానీ మార్చిలోపల ఒక్క పునాది అయినా పడకపోతే మా సందు పేరే కొట్టేస్తారట. ఆమె మంచిగా చెప్పిందని నమ్మలేదు. చెప్పినదాంట్లో ఆమెకు లాభమేమీ కనపడలేదు గనక సగం నమ్మాను.

మరుసటి రోజు పొద్దున పక్కింటామె దగ్గర అయిదిళ్లవాళ్లం కూర్చున్నాం. ఆమె ముందుగదిలో బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ చేసి అమ్ముతుంది. మొగుడు లేడు, పిల్లలు లేరు. నా కంటే పదేళ్లు చిన్న. గోడకు గోడ ఆనుకుని ఇన్నేళ్లు బతికినా ఆమె నాకు ఒక్క గిద్దెడు నూనె బదులు ఇచ్చింది లేదు. నేనూ అడిగింది లేదు.

మా అత్తగారికి మోక ఊరి దగ్గర కొంత చేను ఉండేది. అక్కడ ముయ్యాళ్లని ఒక పద్ధతి. ఈ రోజు మీ చేలో మేం కలుపు తీస్తే, రేపు మా చేలో మీరు తీయాలి. కూలి ఉండదు. అదే చెప్పాను. ఒక ఇల్లు పీకుదాం, ఆ ఇంటివాళ్లు పక్కింట్లో ఉంటారు. ఆ ఇల్లు లేచాక పక్కింటివాళ్లు అందులోకి వచ్చి తమది పీక్కుంటారు. అట్లా చివరిదాకా.

అందరూ బాగుందన్నారు. ఎవరు ముందు అనేసరికి అందరికీ ఉగ్గాణి మీద ధ్యాస పడింది.

"నువ్వే చెప్పినావు గదక్కా, నువ్వే పీకు" అంది పక్కింటామె.

"పీకుతా. పీకినాక నువ్వు నన్ను ఇంట్లోకి రానీకపోతే?"

"ఏందక్కా అట్ల అంటావు? నేనట్లాంటిదాన్నా?"

"ఎట్లాంటిదానివో నాకేం తెలుసుమ్మే. అందుకే అడుగుతాండా. మీ అందరి వీధి తలుపులు తీసి ఒకచోట పెట్టండి. నాదీ పెడతా. ఆఖరి ఇంటికి పైకప్పు పడినాకే ఎవురి తలుపు వాళ్లకు. మధ్యలో మాట తప్పినోళ్ల తలుపు పొయ్యిలోకి పోతాది."

చివరింటి పెద్దాయన, ఎద్దులబండి తోలి తోలి నడుం వంగిపోయినవాడు, నన్ను ఎగాదిగా చూశాడు. "నీ మొగుడు ఎట్ల బతికినాడో నీతో" అన్నాడు.

"తలుపేసుకోని బతికినాడు" అన్నాను.

నవ్వులైతే నవ్వుకున్నారు గానీ, ఆ సాయంత్రానికే తలుపులు దిగాయి. ఒప్పుకున్నది నా మీద నమ్మకంతో కాదు. పక్కవాడి తలుపు కూడా పోతోందన్న ధీమాతో. అయిదు తలుపులూ పక్కింటామె వెనకగదిలో గోడకు ఆనించాం. నా పడక వాటి ముందే. కోడలు పనికిరాని జీన్స్ ముక్కలు కలిపి అయిదు పరదాలు కుట్టింది. సందంతా నీలం పరదాలే. కుక్కలు తలతో తోసుకుని లోపలికొచ్చేవి. ఒకరింట్లో గొణిగినా ఇంకొకరికి వినపడేది.

తెల్లచొక్కా మనిషి వచ్చి సందు మధ్యలో నిలబడిపోయాడు. "ఇదేం పనవ్వా? నన్ను ఒక మాట అడగకూడదా?"

"నీ తలుపూ తెచ్చి పెట్టప్పా, అడుగుతాం" అన్నాను. మళ్లీ పైకప్పు పడేదాకా అతను మా సందు వైపు రాలేదు.

మా మిద్దె అందరూ కలిసే పీకారు. పైన ఏళ్ల తరబడి పరచిన చౌడు పొరలు పొరలుగా ఊడింది. ఖాళీ జాగాలో నిలబడితే ఇంజనీరు పిల్ల ఫోన్ ఎత్తి, "నగ్రీ అజ్జీ" అంది, నవ్వమని.

"కట్టినాక నవ్వుతాలే" అన్నాను.

ఫోటో పోయింది. కంతు రాలేదు. రోజూ కోడలు బ్యాంకుకు పోవడం, తల అడ్డంగా ఆడిస్తూ రావడం. పక్కింట్లో ఒక మూల కుట్టు మిషన్, ఒక మూల గుడ్డ కట్టలు, మధ్యలో ఆమె ఉగ్గాణి గిన్నెలు. బజ్జీల వాసన గుడ్డకు పడుతుందని కోడలు, గుడ్డ నూగు నూనెలో పడుతుందని ఆమె. మాటలు తగ్గాయి. వెనక వీధిలో ఆ పట్ట వైపు నేను పోవడం మానేశాను.

ఒక పొద్దున ఆమె వెనకగదిలోకి వచ్చి నా ముందు నిలబడింది.

"అక్కా, నా తలుపు నేను పెట్టుకుంటా. నీ కంతే రాలేదు. రేపు నాదీ ఇంతే. నా ఇల్లు నేను పీకను."

నేను లేవలేదు. నా వీపు తలుపులకే ఆనుకుని ఉంది. ఆమె నిజంగా పెట్టేసుకుంటే, కోడలినీ ఆ మిషన్‌నూ తీసుకుని నేను పోవాల్సింది పట్ట కిందికే.

"పెట్టుకో. బయట నుంచి గొళ్లెం వేస్తావా, లోపల నుంచి వేస్తావా?"

"ఎందుకు?"

"బయట నుంచి వేస్తే నేను లోపల ఉండా. లోపల నుంచి వేసినా నేను లోపలే ఉండా. యాడికీ పోను."

ఆమెకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, పైట నోటికి అడ్డం పెట్టుకుని ముందుగదిలోకి పోయింది. కాసేపటికి ఒక ప్లేటు ఉగ్గాణి తెచ్చి నా పక్కన పెట్టింది. రెండు బజ్జీలు ఎక్కువే వేసింది. అందులో ఏదో ఉందని అనుమానించాను. తిన్నాను.

తర్వాత కొన్నాళ్లకు కంతు వచ్చింది. ఆలస్యం ఎందుకైందో ఎవరూ చెప్పలేదు. పునాది, గోడలు, పైకప్పు. ఒక్కోదానికి ఒక్కో ఫోటో, ఒక్కో ఎదురుచూపు. పైన సిమెంటు పోసిన రోజు తెల్లచొక్కా మనిషి పూలదండ పట్టుకుని, ఫోన్ ఉన్న ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"తలుపు పెట్టించవ్వా. పరదా ఉంటే ఫోటో బాగుండదు. అధికారులు చూస్తారు."

"ఇంకా నాలుగిళ్లు ఉండాయి. అవైనాక పెడతా."

"అన్నీ అయ్యేది ఎప్పటికో."

"అదే నేనూ అడుగుతాండా. నువ్వు చూసుకుంటానన్నావు గదప్పా."

దండ గోడకే వేసి పోయాడు.

ఇప్పుడు పక్కింటామె నా కొత్త ఇంట్లో ఉంది. తలుపులన్నీ ఆమెతోపాటే ఇటు మారాయి. ఆమె మిద్దె పీకాం, ఫోటో పోయింది, కంతు కోసం చూస్తున్నాం. ఈసారి తలుపుల ముందు పడుకునేది ఆమె. నా తలుపూ ఆ వరుసలోనే ఉంది. దానికి కొత్త ఇంటి గడప చూపించనే లేదు.

మొన్న దీపం ఆర్పబోతుంటే అడిగింది.

"అక్కా, నీకు ఇల్లు లేచింది. మాట తప్పవు గదా?"

"తప్పుతానేమో. నా సంగతి నాకు తెలుసు. అందుకే నా తలుపు నీ వెనకాల పెట్టినా."

ఆమె వెనక్కి చెయ్యి చాపి, నా తలుపు తడిమి చూసుకుని పడుకుంది.