మాత్రలు మాని నెగ్గిన వాదం

ఉదయగిరిలో బస్సెక్కి పావుగంట కాలేదు, ఆపమని కండక్టర్‌ను బతిమాలాను. "ఏంది సారూ, బస్టాండులోనే పోయి రాకూడదా?" అన్నాడు. పోయి వచ్చే ఎక్కానని చెప్పే ఓపిక లేదు. తుమ్మచెట్ల చాటుకు పరుగెత్తాను. నీళ్లలా పడింది. దాంట్లో రక్తం, జిగురు.

నేను ఆత్మకూరులో సైన్స్ టీచర్ని. తాయెత్తులు రోగాలు తగ్గించవని ఇరవయ్యేళ్లుగా సభల్లో వాదిస్తున్నవాణ్ణి. అయినా విరేచనంలో రక్తం పడుతోందని నా భార్య సుగుణకు కూడా చెప్పలేక నాలుగు నెలలు దాచాను. మొలలని నాకు నేనే తీర్మానించుకుని మందుల షాపులో పూతమందు కొన్నాను. పరీక్ష లేకుండా రోగానికి పేరు పెట్టేవాళ్లను వేదికల మీద తిట్టిన నోరే ఇది. రోజుకు పదిసార్లు వెళ్లడం మొదలై, తొమ్మిది కిలోలు తగ్గాక సుగుణే పట్టుకుంది.

"ఏమయ్యా, ప్యాంటు జారిపోతా ఉండాది. ఏం దాస్తా ఉండావు నా దగ్గర?"

నెల్లూరులో గ్యాస్ట్రో డాక్టరు గారు పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ చేశారు. బయాప్సీ రిపోర్టు వచ్చాక కాగితం మీద పేగు బొమ్మ గీసి చెప్పారు. "ఇది అల్సరేటివ్ కొలైటిస్. మీ ఇమ్యూన్ సిస్టమే పెద్దపేగు లోపలి పొర మీద దాడి చేసి పుండ్లు చేస్తోంది. అంటుకునేది కాదు. మీరు తిన్న కారం వల్ల వచ్చిందీ కాదు. మందులతో పూర్తిగా పోదు గానీ అణిచి ఉంచొచ్చు."

"ఎన్నాళ్లు వాడాలి?"

"బాగున్నప్పుడు కూడా వాడాలి. అదే కష్టం."

స్టెరాయిడ్ మొదలుపెట్టి మెల్లగా తగ్గించుకుంటూ ఆపేశారు. పేగులో పుండ్లు మళ్లీ రాకుండా చూసే మెసలమైన్ మాత్రలు మాత్రం ఆపొద్దన్నారు. మూడు నెలల్లో రక్తం ఆగింది. మనిషినయ్యాను.

సుగుణ తమ్ముడు దావీదు ఉదయగిరిలో సంఘపెద్ద. నేను చర్చి మానేసి ఏళ్లయినా, వాళ్లు నాకోసం ప్రార్థన మానలేదు. ఒక ఆదివారం వాళ్లింట్లో భోజనాల దగ్గర మొదలుపెట్టాడు.

"బావా, స్వస్థత వచ్చింది గదా. సంఘంలో సాక్ష్యం చెప్పు."

"స్టెరాయిడ్ గురించి చెప్తా. మైకు ఇస్తావా?"

"అయితే ఆ మాత్రలు మానేసి చూడు. ఎవరు బాగుచేసినారో తెలుస్తాది."

"మానేస్తా రా. జబ్బు తిరిగొస్తే నువ్వు సంఘం ముందు లేచి, మాత్రలే తగ్గించినాయని చెప్పాల."

"చెప్తా. రాకపోతే నువ్వొచ్చి మోకరించాల."

అందరూ నవ్వారు. సుగుణ నవ్వలేదు. "మీ ఇద్దరికీ ఆడుకోడానికి ఇంకేమీ దొరకలేదా?" అంది.

దాన్ని నేను ప్రయోగమన్నాను. డాక్టరుకు చెప్పకుండా, రోషం కొద్దీ చేసేది ప్రయోగం కాదు, మొక్కు. ఇంకో నిజం కూడా రాస్తాను. లోలోపల దావీదే గెలవాలని కోరుకున్నాను. జీవితాంతం మాత్రలు మింగే రోగిని కాదని తేలితే చాలనుకున్నాను.

రెండు నెలలు ఏమీ కాలేదు. "ఏం బావా, ఎప్పుడొస్తా ఉండావు చర్చికి?" అని దావీదు ఫోన్లో నవ్వేవాడు. మూడో నెలలో రక్తం పడింది. వారం తిరిగేసరికి జ్వరం, రోజుకు పద్నాలుగు విరేచనాలు. నెల్లూరులో అడ్మిట్ చేశారు.

డాక్టరు గారు తిట్టలేదు. "మూడు రోజులు నరంలోకి స్టెరాయిడ్ ఇచ్చి చూస్తాం. లొంగకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్. ఇమ్యూన్ సిస్టమ్ దాడిని ఆపే ఇంజెక్షన్ అది. దానికీ లొంగకపోతే పెద్దపేగు తీసేయాలి," అన్నారు. సర్జన్ వచ్చి, పేగు తీసేస్తే మలం పట్టే బ్యాగ్ పెట్టే చోటని నా పొట్ట మీద పెన్నుతో గుండ్రంగా గీసి వెళ్లాడు.

దావీదు వచ్చి ఆ గీత చూశాడు. "ఓడిపోయినావు రా," అన్నాను. వాడు ముఖం తిప్పుకుని ఏడ్చాడు.

"గెలిచిన మొహం చూడు," అంది సుగుణ నన్ను.

మూడో రోజుకు స్టెరాయిడ్ చాలలేదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కించారు. రోజుకు పద్నాలుగు విరేచనాలు తొమ్మిదయ్యాయి, తర్వాత ఐదయ్యాయి. ఏడో రోజు సర్జన్ తలుపు దగ్గరే నిలబడి, "నాతో పని లేదులెండి," అన్నాడు. పేగు మిగిలింది.

నెల తర్వాత దావీదు మాట నిలబెట్టుకుంటానంటే వెళ్లి చర్చిలో చివరి బల్ల మీద కూర్చున్నాను. వాడు లేచి, "ప్రార్థన చేయడం నా పని. మాత్ర మానమనడం నా పని కాదు. నేను తప్పు చేసినాను," అన్నాడు. వాడొక్కడే ఆ తప్పు మోస్తుంటే చూడలేకపోయాను. లేచి నిలబడ్డాను. "మానింది నేను. పిల్లకాయలకు సైన్స్ చెప్పేవాణ్ణి నేను," అన్నాను. ఆరాధన అయ్యాక ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది. "నాయనా, నా మనవడికీ రక్తం పడతా ఉండాదంట. సిగ్గుతో చెప్పలా. ఏ డాక్టరుకు చూపించాల?" నా ఇరవయ్యేళ్ల ఉపన్యాసాల్లో ఎవరూ నన్ను అంత పనికొచ్చే ప్రశ్న అడగలేదు.

ఇప్పుడు రెండు నెలలకోసారి నెల్లూరు వెళ్లి ఆ ఇంజెక్షనే ఎక్కించుకుంటాను. డాక్టరు గారు రాసినప్పుడల్లా, పేగులో వాపు ఉందో లేదో మలంలో చూసే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయిస్తాను. పాఠాలు చెబుతున్నాను, సభలకూ వెళుతున్నాను. ఈ జబ్బున్న వాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మందు మానేద్దామనిపించేది బాధగా ఉన్న రోజున కాదు, హాయిగా ఉన్న రోజున. ఆ రోజు ఎవరితోనూ వాదించకండి. ముందు మాత్ర వేసుకోండి, ఆ తర్వాత డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.