తెర కిందికి జారిపోయినవాడు

మొన్న మా అబ్బాయి ఫోన్‌లో ఆట ఓడిపోగానే ఒక నీరసమైన ట్యూన్ మోగింది. కూర తరుగుతున్న నా చెయ్యి ఆగిపోయింది.

చిన్నప్పుడు మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో మాకు టీవీకి తగిలించే వీడియో గేమ్ ఉండేది. గోతులు దూకే బొమ్మ ఆఖరి ప్రాణం పోగానే ఒక్క ఎగురు ఎగిరి, తెర కిందికి జారిపోయేది. ఆ వెంటనే ఇలాంటి ట్యూనే మోగి, నల్లటి తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చేవి. అప్పటికి నాకు చదవడం రాదు. వాడు కింద చీకట్లో ఎక్కడో ఉన్నాడనుకునేదాన్ని. కుదురుగా కూర్చోలేక లేచి తిరిగేదాన్ని, తెర అంచును గోళ్లతో గీకేదాన్ని, టీవీ మాత్రం ఆపనిచ్చేదాన్ని కాదు.

ఒక సాయంత్రం నాన్న వార్తలు చూడ్డానికొచ్చి, నా గోల చూసి గేమ్ ఆపి మళ్లీ వేశారు. బొమ్మ మొదటి గోతి ముందు నిలబడింది.

"చూడు, మళ్ల వచ్చిండు."

"ఈడు వేరేటోడు నాన్నా. ఆడు రాలే."

నాన్న నవ్వారు. ఆ నెల మొదట్లోనే నానమ్మ పోయింది. ఊరెళ్లింది, మళ్లీ వస్తుందని నాకు చెప్పింది ఆయనే.

"మరి నానమ్మకు బదులు సుత వేరే ఆమె వస్తదా?"

ఆయన నవ్వు ఆగిపోయింది.

"రాదు బిడ్డా," అన్నారు. "నానమ్మ ఇంక రాదు."

వార్తలు పెట్టకుండా నా పక్కనే నేల మీద కూర్చుండిపోయారు. తన తల్లి లేదన్న మాట ఆయన నోట రావడం అదే మొదటిసారని పెద్దయ్యాక అమ్మ చెబితే తెలిసింది.