అరచేతికి తెలిసిన పండు

ముప్పై ఏళ్లు నూలు మిల్లులో పనిచేసిన మా మామయ్యకు చెవులు బాగా మందగించాయి. ఏదైనా చెప్పాలంటే అరవాలి. అరిచే ఓపిక లేక, చెప్పాల్సిన వాటిలో సగం చెప్పకుండానే ఊరుకునేదాన్ని. అది ఆయన్ని ఒంటరిగా వదిలేయడమని చాలా రోజులు నాకు తోచనేలేదు.

పోయిన ఏడు, చోళపురం నుంచి వచ్చిన బండిలో కొన్న పుచ్చకాయ గింజలు దాచి, సంక్రాంతి అయ్యాక తై నెలలో పెరట్లో నాటాను. తీగ బాగానే పాకింది. పూలు చాలా రాలిపోయాయి. చివరికి రెండు కాయలు నిలిచాయి.

మొదటి కాయను వేలితో కొట్టి చూశాను. ఫోన్లో వీడియోలో విన్న శబ్దంలాగే అనిపించింది. ఆశగా కోస్తే లోపలంతా తెలుపు, మధ్యలో కాస్త గులాబీ రంగు. మూడు నెలలు నీళ్లు పోసినదాన్ని, ఏడుపొచ్చింది.

మామయ్య వచ్చి చూశారు.

"కోసేసినావామ్మా? సరి, పారెయ్యొద్దు. పెసరపప్పు వేసి కూటు చెయ్యి, బాగుంటాది."

ఆ మధ్యాహ్నం కూర మళ్లీ అడిగి వేయించుకున్నారు. మర్నాడు పొద్దున నన్ను రెండో కాయ దగ్గరికి పిలిచారు.

"నువ్వు చెవితో విన్నావు. చెయ్యి పెట్టి చూడు."

కాయకు ఒక పక్క నా అరచేయి ఆనించి, రెండో పక్క ఆయన తట్టారు. నాకేమీ తెలియలేదు.

"ఇంకా పచ్చి. పండితే లోపల అదురుతాది. మిల్లులో బేరింగ్ పోయిందా లేదా అని మేము ఇట్లనే చెయ్యి పెట్టి చూసేది. ఆ సద్దులో చెవికి ఏమి వినపడుతుంది?"

అప్పటినుంచి రోజూ ఇద్దరం వెళ్లి తట్టి చూసేవాళ్లం. కాయ పక్కనున్న నులితీగ ఎండింది, అదీ పండుతున్న గుర్తేనన్నారు మామయ్య. పదకొండో రోజు నా అరచేతిలో సన్నగా అదురు తగిలింది. ఆయన ముఖం చూశాను. తలూపారు.

పండు ఎర్రగానే ఉంది. బండి మీద కొన్నదానంత తీపి మాత్రం లేదు. పెరటి మెట్ల మీద కూర్చుని తింటూ, మిల్లులో మొదటి రోజు ఎలా గడిచిందని గట్టిగా అడిగాను. ఆయన చెబుతుంటే ఇంకా అడిగాను, ఇంకా గట్టిగా. పక్కింటి అక్క పోట్లాట అనుకుందేమో, గోడ మీదుగా తొంగిచూసింది.

"ఏమి, మామతో సండ వేస్తుండావా?"

"లేదక్కా, మాట్లాడుతుండాము," అన్నాను.