పుష్పవల్లి ఇంటికి ఫైరు ఇన్సూరెన్సు

మద్రాసు వడపళనిలో పుష్పవల్లికి మంచి పేరు లేదు. రవిక బిగువైందని గొడవపెట్టిన హీరోయిన్‌తో "కుట్టు సరిగానే ఉండాది, నువ్వే లావైనావు" అని సెట్టు మీద అందరి ఎదుటా అన్న మనిషి. స్టూడియోల్లో అలా మాటలు పడుతూ, అంటూ, పదిహేనేళ్ళు గుంపు డాన్సుల పిల్లలకు లంగాలు కుట్టి మూడు గదుల పెంకుటిల్లు కట్టుకుంది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆవిడకున్నదల్లా ఆ ఇల్లే.

ముందుగదిలో కోదండపాణి అద్దెకుండేవాడు. రాజమండ్రి మనిషి. పాత సినిమాల రీళ్ళు చవకగా కొని, ఊరూరా తిరిగే డేరా సినిమాలకు పంపేవాడు. ఆ డబ్బాలు మంచం కింద, గోడవారన, అటక మీద నిండి ఉండేవి. ఒకనాడు అతను ఊడ్చి పారేసిన ఫిల్ము ముక్కను పుష్పవల్లి నీళ్ళపొయ్యిలో పడేసింది. భగ్గున లేచిన మంటకు ఆవిడ కనుబొమలు కమిలాయి. నీళ్ళు చల్లినా ఆ ముక్క ఆరలేదు.

మర్నాడే ఇన్సూరెన్సు ఏజెంటు ఏకాంబరానికి కబురు పంపింది.

అతను తిన్నె మీద కూర్చుని ఇంగ్లీషు కాగితం పరిచాడు. ఆవిడ ప్రతి వరుసా తెలుగులో చెప్పించుకుంది.

"నిప్పుకీ పిడుగుకీ కంపెనీ ఇస్తుందమ్మా. తుపానుకి వేరేగా కట్టాల."

"దొంగలు పడితే?"

"అది వేరే పాలసీ. ఇంటిని స్థలంతో కలిపి పెద్ద మొత్తానికి రాసేద్దాం."

"నేల కాలతాదా ఏందయ్యా? గోడలూ కప్పూ మళ్ళీ లేపేదానికి ఎంతవుతాదో అంతకే రాయి. ఎక్కువ రాస్తే కంపెనీ ఎక్కువ ఇస్తాదా?"

"ఇవ్వదు," అన్నాడు ఏకాంబరం ముఖం చిన్నబుచ్చుకుని.

"మరి నాతో కట్టించేది ఎందుకు, సుమ్మానా, ఊరికేనా?"

తర్వాతి వరుసలో ప్రశ్న: ఇంట్లో త్వరగా అంటుకునే సరుకు ఏమైనా ఉందా?

కోదండపాణి గదిలోంచి గబగబా వచ్చాడు. "ఏం లేవండీ. మంచం, బట్టలు. లేదని రాసేసుకోండి."

"ఉండాది," అంది పుష్పవల్లి. "ఆ గది నిండా సినిమా రీళ్ళే."

ఏకాంబరం కలం ఆగింది. "అది రాస్తే కంపెనీ ఈ ఇంటిని తీసుకోదమ్మా. లేదనే రాస్తాను. ఎవరొచ్చి చూస్తారు?"

"ఇప్పుడు రారు. కాలినాక చూసేదానికి వస్తారు గదా? బూడిదలో ఆ డబ్బాలు దొరికితే పైసా ఇస్తారా?"

ఏకాంబరం వీధి వైపు చూశాడు.

"చెప్పయ్యా!"

"ఇవ్వరు."

"అబద్ధం రాసిన కాగితానికి ఏటేటా నన్ను కట్టమంటావు. మంచోడివే దొరికినావు."

కోదండపాణికి కోపం వచ్చింది. "ఆరేళ్ళుగా ఉంటున్నానండీ. ఒక్కనాడన్నా అంటుకుందా? కాగితం ముక్క కోసం నా పొట్ట కొడతారా? అందుకేనండీ, మీ దగ్గర ఎవరూ నిలవరు."

"నిలిచేవోడు నా కొంప కాల్చకుండా నిలవాల. నువ్వుంటే ఉండు, ఆ రీళ్ళు పోవాల. గోడౌన్లుండాయి, ఆడ పెట్టుకో."

"గోడౌను అద్దె మీరిస్తారా?"

"నా ఇల్లు పోతే నువ్వు కట్టిస్తావా?"

అతను విసురుగా లోపలికి పోయి తలుపేసుకున్నాడు. మూడో రోజు బండి పిలిచి రీళ్ళతోపాటు మంచం కూడా ఎక్కించాడు. వీధిలో నిలబడి అందరికీ వినబడేలా ఆవిడను తిట్టాడు.

"పాపం, మంచి పిల్లోడు," అంది ఎదురింటి రాజలక్ష్మి.

"అయితే నీ ఇంట్లో పెట్టుకో, రీళ్ళతో సహా," అంది పుష్పవల్లి. రాజలక్ష్మి లోపలికి పోయింది.

ఏకాంబరం మళ్ళీ వచ్చినప్పుడు ఆవిడ ఖాళీ గదిలో నిచ్చెన వేసి అతన్ని అటక ఎక్కించింది.

"బాగా చూసినావా?"

"చూశానమ్మా," అన్నాడతను చొక్కాకంటిన బూజు దులుపుకుంటూ.

"అయితే ఇప్పుడు లేదని రాయి. తుపానుకి కూడా కట్టతాను. కార్తీకంలో పెంకులు ఎట్ట లేస్తాయో నాకు తెలుసు."

తెలుగులో సంతకం చేసి కాగితం అతని ముందుకు తోసింది.

ఆ గదికి ఏడు నెలలు ఎవరూ అద్దెకు దిగలేదు. అడగడానికి వచ్చినవాళ్ళ పెట్టెలు ఆవిడ వాకిట్లోనే తెరిపించేది.