చెప్పులు విడిచి తొక్కే పెట్టె

సిద్దిపేట నుంచి హైదరాబాదు దాకా పాత వా పెడళ్లు బాగుచేసేవాళ్లలో నన్ను మించినవాడు లేడు. వందల పెడళ్లకు నా చేతుల్లోనే మళ్లీ గొంతు వచ్చింది. సరే, వందలు కాదు. లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు చాలు. వాటిలోనూ కొన్ని ఇప్పటికీ పిల్లిలా మూలుగుతాయే తప్ప పలకవు. నన్ను మించినవాడు లేడన్నది మాత్రం నిజం. ఈ చుట్టుపక్కల ఆ పని చేసేవాడు ఇంకొకడు లేడు మరి.

తెలియనివాళ్లకు చెప్తాను. వా పెడల్ అంటే గిటారుకూ స్పీకరుకూ నడుమ నేలమీద పెట్టే ఇనుప పెట్టె. పైన తొక్కే పలక ఉంటుంది. కాలితో ముందుకు వంచితే గిటారు శబ్దం నోరు తెరుస్తుంది, వెనక్కి వంచితే మూస్తుంది. పసిపిల్ల ఏడ్చినట్టు "వా... వా..." అంటుంది. ఒకప్పుడు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఇవి ఉండేవి. కీబోర్డులు వచ్చాక ఆర్కెస్ట్రాలు చెల్లాచెదురై, పెడళ్లు అటకలెక్కాయి. రేడియోలు రిపేరు చేసుకునే నేను ఊరూరా తిరిగి వాటిని కొనేవాణ్ని.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజుల్లో ధూళిమిట్టలో మూతపడ్డ ఒక బ్యాండువాళ్ల ఇంట్లో ఒకే రకానివి రెండు దొరికాయి. ఇటలీలో చేసినవని అడుగున రాసి ఉంది. ఒకదాన్ని విప్పి, తుడిచి, లోపల అరిగిన కంట్రోలు మార్చి, చిన్న బ్యాటరీతో పలికించాను. పైన తుప్పు అలాగే వదిలేశాను. రెండోదానికి ముందు పైపై సోకు చేశాను. అద్దంలా పాలిష్ పట్టాక విప్పి చూశాను. బ్యాటరీ ఖర్చు మిగులుతుందని ఎవరో మహానుభావుడు లోపలే ట్రాన్స్‌ఫార్మర్ బిగించి, గోడ కరెంటు తీగను నేరుగా పెట్టెలోకి లాగాడు. తీగ తొడుగు ఎండి పెంకుల్లా రాలుతోంది. లోపలి రాగి, పెట్టె ఇనుముకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. ఆ తీగలన్నీ పీకెయ్యాలి. తీరిగ్గా చేద్దామని మూత బిగించి పక్కన పెట్టాను.

తుప్పుదాన్ని హుస్నాబాద్ వైపు పత్తిరైతు కొడుకొకడు కొనుక్కుంటానన్నాడు. ఉద్యమ సభల్లో గిటారు వాయించే పిల్లవాడు. దుకాణంలో వాయించి చూసేముందు చెప్పులు బయట విడిచి, పెడల్‌ను తాకి కళ్లకద్దుకున్నాడు.

"తొక్కేదానికి మొక్కుడేందిరా?" అన్నాను.

"వాద్యం గద తాతా. చెప్పులతోని ఎట్ల తొక్కాలె? తప్పు."

"తొక్కుడే తప్పయితె చెప్పులుంటేంది, లేకుంటేంది?"

"అందుకే గద, ముందుగాల మొక్కుడు!"

ఇద్దరం నవ్వుకున్నాం. వారం తిరక్కుండానే బంద్ వచ్చింది. ఆ పొద్దున చౌరస్తాలో జనాన్ని నడిపించింది నేనే అని మనవలకు చెప్తుంటాను. నిజానికి, పోలీసులొస్తే పరుగెత్తడానికి వీలుగా చివరి వరసలో నిలబడ్డాను. వాన మొదలవగానే దుకాణం వెనకున్న ఇంటికొచ్చాను.

"గిటారు పిలగాడు వచ్చి పెట్టె తీస్కపోయిండు," అంది మా ఇంటామె. "ఇయ్యాల హుస్నాబాద్‌ల సభ ఉన్నదట."

"ఏది ఇచ్చినవే?"

"మెరిసేది. తుప్పుపట్టినదాన్ని ఎవలకన్న ఇస్తరా? బ్యాటరీ గూడ అక్కర్లేదని మస్తు సంబురపడ్డడు."

తుప్పుది బల్లమీదే ఉంది. బయట వాన. అక్కడ సభ రోడ్డుమీద, ట్రాక్టరు ట్రాలీ ఎక్కి పాడతారు. తడిసిన ఇనుప ట్రాలీ మీద ఒక కాలు, ఆ పెట్టెమీద ఒక కాలు. రెండూ ఉత్తకాళ్లే.

"ఏమైందయ్యా? మొఖం గట్ల వెట్టినవేంది?"

చెప్పాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని గడపలో కూలబడింది. పిల్లవాడికి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. వేరేవాళ్ల నంబరు నా దగ్గర లేదు.

బస్సులు లేవు. పక్క దుకాణంలో స్కూటర్లు బాగుచేసే భాయ్ సగం షట్టరు దించుకుని చాయ్ తాగుతున్నాడు.

"భాయ్, హుస్నాబాద్ పోవాలె."

"బంద్‌లనా? దిమాఖ్ ఖరాబైందా నీకు?"

"పిలగాని పాణం పోతది భాయ్."

అతను గ్లాసు కింద పెట్టాడు. "చల్, కూసో."

దారిలో వాన మొహంమీద కొడుతోంది. నేను కళ్లు మూసుకుంటే ఆ పిల్లవాడి కాలు, తెరిస్తే రోడ్డు. సగం దూరంలో బండరాళ్లు అడ్డం పెట్టారు. టార్పాలిన్ కట్టి, రోడ్డుమీదే పొయ్యిలు వెలిగించి వంటావార్పు చేస్తున్నారు.

"దిగున్రి, దిగున్రి! బంద్ రోజు బండి తోల్తరా?"

"సభకే పోతున్నం," అన్నాడు భాయ్.

"గట్లయితె ఓ బుక్క తిని పోన్రి. తాతా, రా, కూసో."

సింహంలా గర్జించి రాళ్లు తీయించాను అని రాయాలని ఉంది. గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. భాయే వాళ్లకు సంగతి చెప్పాడు. విన్నవాళ్లు అన్నం చేతులతోనే రాళ్లు దొర్లించారు. "జల్ది పోన్రి!" అని ఒకామె వెనకనుంచి అరుస్తూనే ఉంది.

హుస్నాబాద్ పొలిమేర దాటగానే వినిపించింది. వా... వా... వా...

బతికే ఉన్నాడు. ప్రాణం లేచొచ్చింది. వెంటనే తెలిసింది, ఆ శబ్దం వస్తున్నదంటే కాలు దానిమీదే ఉంది. ఒక్కో "వా"కు నా గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంది. ఆ శబ్దం ఆగకూడదని కోరుకున్నాను, ఆగాలనీ కోరుకున్నాను.

ఆగింది.

పాట నడుమ, చరణం సగంలో, తెగినట్టు ఆగిపోయింది. జనంలోంచి పెద్ద కేక లేచింది.

స్కూటరు దిగి పరుగున వెళ్లి, ఎగిరి ట్రాలీ ఎక్కి ప్లగ్గు పీకేశానని చాలామందికి చెప్పాను. వాళ్లందరికీ ఇప్పుడు చెప్తున్నాను, అది నేను కాదు. స్కూటరు దిగగానే బురదలో కూర్చుండిపోయాను. జనాన్ని తోసుకుంటూ పోయింది భాయ్. నాకు కాళ్ల మధ్యనుంచి ఏమీ కనబడలేదు. ఆ కాసేపు నేను ఆ పిల్లవాడి తల్లికి చెప్పాల్సిన మాట వెతుక్కున్నాను.

"లే, లే! కరెంట్ పోయింది, గంతే. పిలగాడు మంచిగున్నడు." భాయ్ చేతిలో పెట్టె ప్లగ్గు తీగ వేలాడుతోంది.

నన్ను లేపి నిలబెట్టారు. అంతలోనే కరెంటు వచ్చింది. స్పీకర్లు గుర్రుమన్నాయి. జనం ఈలలు వేశారు. నేను మాత్రం భాయ్ చేతిలోని ప్లగ్గునే చూస్తున్నాను.

పిల్లవాడు గిటారు భుజాన వేసుకుని, నవ్వుతూ ట్రాలీ దిగొచ్చాడు.

"ఏంది తాతా, గింత వానల వచ్చినవ్? పెట్టె మస్తు పలుకుతుంది. రెండో పాట కాంచి కాలు జిల్లుజిల్లుమంటున్నది, చీమలు పాకినట్టు. శానసేపు నిలవడ్డందుకేమో అనుకున్న."

అక్కడే ట్రాలీ చక్రం పక్కన చతికిలబడి, అతని పాదం రెండు చేతులా పట్టుకుని, బురద తుడిచి, అరికాలు తిప్పి చూశాను.

"అయ్యో తాతా, పెద్దోనివి, నా కాళ్లు పట్టుకుంటవా? ఇడువు! అందరు జూస్తున్నరు!"

వెచ్చగా ఉంది. నేను విడవలేదు.