ప్లస్ తీసి మైనస్ పెట్టిన రోజు

ఏళ్ల తరబడి ఈ మాట గొంతు దాకా వచ్చి వెనక్కి పోతోంది. అమ్మతో చెప్పలేదు. కట్టుకున్నవాడితో చెప్పలేదు. మీరు నన్నెరగరు కనుక మీతో చెబుతున్నాను.

అప్పట్లో నారాయణఖేడ్‌లో ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసేదాన్ని. ఫోటోలన్నీ సర్వర్ అనే ఒకే పెద్ద కంప్యూటర్‌లో ఉండేవి. మిగతా మిషన్ల నుంచి వాటిని తెరుచుకునేవాళ్లం. ఆ సర్వర్ బాధ్యత నాది. హైదరాబాద్‌లో కోర్సు చేసి వచ్చానని నాకదో టెక్కు. ఫోటోలు తీసేది సలీం భాయ్. నాకంటే చాలా పెద్దవాడు, చెల్లె అని పిలిచేవాడు. పెళ్లిళ్ల సీజన్‌లో కెమెరా కార్డులు చాలవు. అందుకని మాకొక పద్ధతి ఉండేది. కార్డులోని ఫోటోలు సర్వర్‌కి ఎక్కించాలి, వాటిలో చివరి ఫోటోను సర్వర్ నుంచే తెరిచి కళ్లారా చూడాలి, అప్పుడే కార్డు ఖాళీ చేయాలి. సలీం భాయ్ ఏనాడూ ఆ పద్ధతి తప్పలేదు.

సర్వర్‌కీ మిషన్లకీ మధ్య ఫైళ్లు నడిచే తీరులో వెర్షన్లుంటాయి. పాతది నెమ్మది, కానీ నమ్మొచ్చు. కొత్తది ఇంకా ప్రయోగంలోనే ఉంది, ముఖ్యమైన ఫైళ్లున్న చోట వాడొద్దని తయారుచేసినవాళ్లే రాసిపెట్టారు. అందుకే మామూలుగా అది ఆపి ఉంటుంది. సర్వర్ సెట్టింగ్స్‌లో ఆ వెర్షన్ నంబరు ముందు ప్లస్ పెడితే నడుస్తుంది, మైనస్ పెడితే ఆగుతుంది. నేను ప్లస్ పెట్టాను. ఎవరినీ అడగలేదు. పని వేగంగా సాగుతుందని పెట్టానా? నాకింత వచ్చని నాకు నేను చూపించుకోవడానికి పెట్టానా? రెండోదే అయ్యుంటుంది.

సిర్గాపూర్ పెళ్లి ఫోటోలు ఎక్కించిన కాసేపటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక చూస్తే ఫైళ్ల పేర్లున్నాయి, లోపల ఏమీ లేదు. ఖాళీ చేసిన కార్డు అప్పటికే సలీం భాయ్ కెమెరాలో ఇంకో పెళ్లికి వెళ్లిపోయింది, దాని మీద వేరే ఫోటోలు పడుతున్నాయి. నాకు అర్థమైంది. ఫోటోలు డిస్కు మీదికి చేరకముందే చేరాయని సర్వర్ చెప్పేసింది, అది నేను నడిపించిన కొత్త వెర్షన్ చేసిన పని. అప్పటికి అవి కరెంటు పోతే తుడిచిపెట్టుకుపోయే మెమరీలోనే ఉన్నాయి, తెరిస్తే కనిపించేదీ అందులోంచే. స్టూడియో ఓనరు సేటు రాకముందే సర్వర్ ఆపి, ప్లస్ తీసి మైనస్ పెట్టి, మళ్లీ మొదలుపెట్టాను.

మర్నాడు పెళ్లికూతురి తండ్రి వచ్చి, తన బిడ్డది ఒక్క ఫోటో అయినా మిగల్లేదా అని అడిగి వెళ్లాడు. సేటు మా ఇద్దరినీ నిలబెట్టాడు. సలీం భాయ్ నా వైపు తిరిగాడు.

“చెల్లె, ఆఖరి ఫోటో తెరిచి చూసినంకనే కార్డు ఖాళీ చేసిన. అప్పగింతలది. నువ్వు నా ఎనకనే ఉంటివి గదా?”

“నేను జూడలే భాయ్. కాపీ కాకముందే జల్దీల ఖాళీ చేసినవేమో.”

ఆయన కోప్పడతాడనుకున్నాను. స్క్రీన్ మీదున్న ఆ ఖాళీ ఫైళ్ల పేర్లను వేలితో ఒక్కొక్కటే చూసుకుంటూ చివరిదాకా వెళ్లాడు.

“ఏమో. నేనే మరిచినట్టున్న,” అన్నాడు.

సేటు ఆయన్ని పనిలోంచి తీసేశాడు. పెళ్లి ఫోటోలు పోగొట్టినవాడని ఊరంతా తెలిశాక ఇంకెవరూ పిలవలేదు. నేను తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. నిజం చెబితే నా పని పోయేది, అంతేగా? ఇంకో చోట దొరికేది. ఆ మాత్రం దానికి నోరు పెగల్లేదు.

చాలా ఏళ్ల తర్వాత బోరంచ గుడికి పోదామని బస్ డిపో దగ్గర ఆటో ఎక్కాను. నడిపేది సలీం భాయ్. గడ్డం నెరిసింది. దారి పొడుగునా పిల్లల గురించి అడిగాడు. నేను దిగాక సీటు కింద వంగి చూశాడు, రెండడుగులు వేసి మళ్లీ వచ్చి చూశాడు.

“నీ సామానంత ఉందా, జర నువ్వే జూస్కో చెల్లె. నాకు మతి సక్కగుండదు, నీకు ఎర్కనే గదా,” అని నవ్వాడు.

నాకు ఎరుకే. ఆ రోజు అమ్మవారి ముందు నిలబడి కూడా ఏమీ మొక్కుకోలేకపోయాను. ఆయన పని పోయిందని ఇన్నాళ్లూ బాధపడ్డాను గానీ, తన కళ్ల మీద తనకే నమ్మకం లేకుండా చేశానని అప్పటిదాకా తెలియలేదు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ఆటో తిరిగి వెళ్లిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను.

క్షమించమని ఎవరినీ అడగను. ఆయన ఎదుట ఈ మాట అనగలనో లేదో కూడా తెలియదు. ఇక్కడ రాస్తుంటే మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది.

సలీం భాయ్ ఏమీ మరిచిపోలేదు. ఆ ఫోటోలో పెళ్లికూతురు తండ్రి చెయ్యి వదలకుండా పట్టుకుని ఉంది. తండ్రి తలకు చుట్టుకున్న రుమాలు వదులై చెవి మీదికి జారింది. సలీం భాయ్ వెనక నిలబడి నేనూ చూశాను.