సబ్సిడీ కారు, చిరిగిన బనీను

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలమేమీ కాదు, ఓ ఆరేడేళ్ల కిందట, మా కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో సబ్సిడీ అనే మాటకు ఒక పద్ధతి ఉండేది. వేరుశనగ విత్తనాలకైతే పాసుబుక్కు పట్టుకుని లైన్లో నిలబడాలి (మనం నిలబడలేకపోతే మన చెప్పులు నిలబడతాయి). డ్రిప్పు పైపులకైతే ఆఫీసరు వచ్చి, రైతును పక్కన నిలబెట్టి ఫోటో తీసుకునేదాకా వాటిని కదిలించకూడదు. పంట ఎండితే ఎండిన చెట్టును పీకి చూపించాలి, మొహం కూడా దానికి తగ్గట్టు పెట్టాలి. ఇవన్నీ చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి, తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టినా, సబ్సిడీల చదువులో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి.

అప్పుడు నాకు ఇరవై రెండు. టమోటాకు ఆ ఒక్క ఏడాది మంచి ధర పలికేసరికి మా మేనమామ కరెంటు కారు కొని బాడుగలకు తిప్పుదామన్నాడు. డ్రైవరు నేనే. అనంతపురం షోరూములో ఒక అమ్మాయి, సబ్సిడీ ఉందనీ రోడ్డు ట్యాక్సు లేదనీ మొదలుపెట్టి చాలాసేపు చెప్పింది. సబ్సిడీ అన్న మాట చెవిన పడ్డాక మిగతాది వినాల్సిన అవసరం మాకేముంది? అప్పు తీసుకుంటే వడ్డీ మీద ఆదాయపు పన్నులో కూడా తగ్గింపు ఉంటుందని ఆమె అంటే, మామ జాలిగా చూశాడు. "ఆదాయమే లేనోనికి పన్ను యాడిది తల్లీ? దాన్ని కూడా తగ్గిస్తామంటే మీ ఇష్టం" అన్నాడు. చివరికి బిల్లు నా చేతికిచ్చి చదవమన్నాడు. నేను బస్సు కండక్టరు టికెట్లు చూసినట్టు వేలు పెట్టి పైనుంచి కిందికి జార్చి, "అన్నీ సరిగ్గా ఉండాయి మామా" అని తేల్చేశాను.

కారు ఇంటికొచ్చింది. గేదెను బయట కట్టేసి, కారును దాని కొట్టంలో పెట్టాం. ఆఫీసరు వచ్చి ఫోటో తీసేదాకా చక్రం తిరగకూడదని మామ అన్నాడు, నేను పండితుడిలా తలూపాను. నాలుగో రోజు ఊరికే ఉండలేక గుడ్డతో తుడుస్తుంటే మామ వచ్చి గుడ్డ లాక్కున్నాడు.

"బుద్ధుండాదా నీకు? తళతళలాడే కారుకు సబ్సిడీ ఎవడిస్తాడు? ఆ దుమ్ము అట్లే ఉండనీ."

ఈ ఎదురుచూపుల్లో నలిగిపోయింది మా అత్త. వాళ్లమ్మ బుక్కరాయసముద్రంలో ఉండేది. ఆ అవ్వకు రెండు కళ్లూ మసకబారుతున్నాయి, ఇక బాగుచేయలేమని డాక్టరు చెప్పేశాడు. చూపు ఉండగానే మా కారు చూపిస్తానని అత్త ఆమెకు మాటిచ్చింది. అవ్వ రోజూ ఫోన్ చేసి "కారు యాడిదాకా వచ్చిందే?" అని అడగడం, "గేదె కొట్టం దాకా" అని అత్త విసుక్కోవడం. మూడో వారంలో అత్త మామను నిలదీసింది.

"ఏమయ్యా, మీ ఆఫీసరు నిదానంగా రానీ. మా యమ్మ కండ్లు అంతదాకా ఆగల్ల కదా?"

మామ నేల చూపులు చూశాడు. మధ్యలో దూరింది నేనే. "ఇంగొక వారం ఓర్చుకో అత్తా. ఇప్పుడు కదిలిస్తే సబ్సిడీ పోతాది" అన్నాను.

ఆ వారం చివర్లో ఒకాయన భుజాన సంచీ, చేతిలో ఫోనుతో మోటారు సైకిల్ దిగాడు. మామ ఒక్క ఉరుకున లోపలికి పోయి చిరిగిన బనీను తగిలించుకొచ్చాడు (దీనికోసమే కొక్కేనికి విడిగా పెట్టుకున్నాడు). నేను కారు పక్కన మొహం వేలాడేసుకుని నిలబడ్డాను. వచ్చినాయన గోడకు ఫోను పెట్టి ఫోటో తీస్తున్నాడు.

"గోడదేం తీస్తావు సార్, ఈడ తీయి" అన్నాడు మామ.

మాకు ఫోటో సరదా కాబోలనుకుని ఆయన రెండు తీశాడు. "కొంచెం నవ్వన్నా" అన్నాడు.

"నవ్వితే ఇస్తారా సార్?" అన్నాడు మామ అనుమానంగా.

"ఏమిచ్చేది?"

"సబ్సిడీ."

"నేను కరెంటు మీటరు చూసేదానికి వచ్చినానన్నా."

విషయమంతా విని, ఆయన కారు బిల్లు తెమ్మని నిదానంగా చదివాడు. "ఈడ చూడప్పా. సబ్సిడీ కారు ధరలోనే తగ్గించి, మిగిలిందే మీతో కట్టించుకున్నారు. రోడ్డు ట్యాక్సు సున్నా. మీకు రావాల్సింది మొదటి రోజే వచ్చేసింది. ఇంగెవరూ రారు."

మామ నన్ను చూశాడు. నేను గేదెను చూశాను.

"చదివినావు కదరా?"

"అడుగున ఉండేది చదివినా మామా. నడుమ ఉండేది చదవల్యా."

అత్త లోపలికి వెళ్లి పట్టుచీర కట్టుకొచ్చి, సీటు మీది ప్లాస్టిక్ కవరు పర్రున చించేసి కూర్చుంది. బనీను మార్చుకుని వస్తానన్నాడు మామ. "ఆఫీసరుకు సరిపోయిన బనీను మా యమ్మకు సరిపోదా? ఎక్కు" అంది.

మేం పోయేసరికి అవ్వకు వెలుగూ నీడా తప్ప మరేమీ తెలియడం లేదు. కారు చుట్టూ చేత్తో తడుముతూ నడిచింది. రంగేమిటని అడిగింది. తెలుపని చెప్పి అత్త ముందు తలుపు తీసింది. అవ్వను ముందు సీట్లో కూర్చోబెట్టి చెరువు కట్ట మీదికి తీసుకుపోయాను. సగం కట్ట దాటాక అవ్వ నా వైపు తిరిగి, "ఎప్పుడు బయలుదేరతావు నాయనా?" అని అడిగింది. కరెంటు కారు, చప్పుడేముంటుంది! వెనక అత్త కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వుకో ఏడుపుకో నాకు తెలియలేదు. నేను అద్దం దించాను. చెరువు మీది గాలి మొహానికి కొట్టగానే అవ్వ నోరంతా తెరిచి నవ్వింది. "పోతాండామే" అని, ఇంకొక రౌండు తిప్పమంది.

ఇప్పుడు అవ్వ లేదు. బాడుగకు ఎక్కినవాళ్లకు ఈ కథ చెబుతుంటాను గానీ, బనీను దగ్గర అందరూ నవ్వుతారు కాబట్టి అక్కడే ఆపేస్తాను. ఆ ఇరవై రెండేళ్ల సబ్సిడీ పండితుడు ఎదురుపడితే చెవి మెలిపెట్టాలనే ఉంటుంది. కానీ వాడు ఆ సాయంత్రం ఎవరూ అడగకుండానే మూడో రౌండు కూడా తిప్పాడు. అందుకని వదిలేస్తాను.